ఆ పుస్తకాన్ని అటకెక్కించకండి

ప్రశ్న: మాది హనుమకొండ. పాపకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. దసరాకి మా మరిది న్యూజెర్సీ నుంచి వస్తూ మూడు ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు తెచ్చాడు. మూడింట్లోనూ కోరలు, గోళ్లు, పెద్ద కళ్లున్న భూతాలే. అప్పట్నుంచీ పడుకునే వేళకి పేచీ మొదలైంది. మంచం కింద ఎవరో ఉన్నారంటుంది. బీరువా తలుపు కాస్త తెరిచి ఉన్నా ఒప్పుకోదు, లైటు తీయనివ్వదు, అర్ధరాత్రి లేచి నా దగ్గరికి వచ్చేస్తుంది. మాకు బాబు పుట్టి మూడు నెలలైంది, అందుకని పాపని పక్క గదిలో మా అత్తమ్మ దగ్గర పడుకోబెడుతున్నాం. ఆ పుస్తకాల వల్లే ఇదంతా, తీసి అటక మీద పడెయ్యమని అత్తమ్మ అంటారు. పిల్లలకి ఇలాంటి బొమ్మలెందుకని మా వారు కూడా విసుక్కుంటున్నారు. విచిత్రం ఏమిటంటే, రాత్రయ్యేసరికి పాప ఆ పుస్తకమే చదవమంటుంది. అందులోనూ ఒక్కటే, తోడేలు వేషం వేసుకున్న పిల్లాడిది. చదివితే భయపడుతుందేమోనని నాకు బెంగ, చదవకపోతే ఏడుపు. దాచెయ్యమంటారా? రాత్రిళ్లు ఏం చెప్పి పడుకోబెట్టాలి? ఇలాంటివి తెలుగులో ఏమైనా దొరుకుతాయా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: దాచకండి. ముఖ్యంగా ఆ తోడేలు వేషం పిల్లాడి పుస్తకాన్ని అస్సలు దాచకండి. పాప చేతిలోంచి దాన్ని తీసుకెళ్లి అటక మీద పెట్టారంటే, అందులో ఉన్నది పెద్దవాళ్లు కూడా భయపడాల్సిందేనని మీరే ఆమెకి చెప్పినట్టవుతుంది. భయపడుతున్న పిల్ల మళ్లీ మళ్లీ అదే పుస్తకం అడుగుతోందంటే, అందులో ఆమెకి కావలసింది ఏదో దొరుకుతోందన్నమాట. అదేమిటో చూద్దాం.

అంతకంటే ముందు మీ ఉత్తరంలో మీరు మధ్యలో చెప్పి దాటేసిన సంగతి ఒకటుంది. బాబు పుట్టాడు, పాప పక్క గదిలోకి మారింది. నాలుగున్నరేళ్లపాటు అమ్మ పక్కన, బహుశా అమ్మ మీద కాలేసుకుని నిద్రపోయిన పిల్ల. ఒక రోజు నుంచి అమ్మ పక్కన ఇంకొకరు పడుకుంటున్నారు. నానమ్మ ఎంత ప్రేమగా చూసుకున్నా నానమ్మ నానమ్మే. పుస్తకాలు వచ్చిందీ, పాప గది మారిందీ ఇంచుమించు ఒకే సమయంలో. ఇంట్లో అందరి కళ్లూ పుస్తకాల మీద పడ్డాయి, ఎందుకంటే అందులో కోరలు కనిపిస్తున్నాయి. అమ్మ పక్కన చోటు పోవడం అలా కంటికి కనిపించేది కాదు. అర్ధరాత్రి లేచి పాప వెళ్తున్నది ఎక్కడికి? మీ దగ్గరికే కదా.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో చీకటంటే, భూతాలంటే భయం మామూలే. ఊహ బాగా పెరిగే వయసది. ఊహించుకున్నదానికీ ఉన్నదానికీ మధ్య గీత ఇంకా గట్టిపడని వయసు కూడా. పగలు మీ పాపని అడగండి, భూతాలు నిజంగా ఉండవని ఆమే చెబుతుంది. లైటు ఆర్పి, ఫ్యాను గాలికి కర్టెన్ కదిలితే, పగలు తెలిసిన ఆ సంగతి ఎందుకూ పనికిరాదు. నెదర్లాండ్స్‌లో 4 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద జరిగి 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, నూటికి 73 మంది తమకి రాత్రిపూట భయాలున్నాయని చెప్పారు. కాబట్టి మీ పాపకి ఏదో అయిపోయిందని కంగారుపడకండి.

ఇక పుస్తకం. మీరు రాసిన వివరాన్నిబట్టి అది మారిస్ సెండాక్ రాసి, తనే బొమ్మలు వేసిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్'. 1963లో అమెరికాలో వచ్చింది, మరుసటి ఏడాది అక్కడ పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ మెడల్ అందుకుంది. ఈసారి మీరొక్కరే కూర్చుని, పాప లేనప్పుడు, మెల్లగా పేజీలు తిప్పి చూడండి. మాక్స్ అనే పిల్లాడు తోడేలు వేషం వేసుకుని ఇల్లు పీకి పందిరేస్తాడు. గోడకి మేకులు కొడతాడు, ఫోర్కు పట్టుకుని కుక్క వెంటపడతాడు. అమ్మ తిడుతుంది, వాడు అమ్మనే తినేస్తానంటాడు. అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలో చెట్లు మొలుస్తాయి, గోడలు మాయమై అడవవుతుంది, పడవ వస్తుంది, వాడు ఎక్కడికో వెళ్లిపోతాడు. వెళ్లిన చోట భూతాలుంటాయి. పళ్లు కొరుకుతూ, గోళ్లు చూపిస్తూ మీదికొస్తాయి. వాడు పారిపోడు. వాటి పసుపుపచ్చ కళ్లలోకి రెప్ప వెయ్యకుండా చూస్తాడు. అవే హడలిపోయి వాణ్ణి రాజుని చేస్తాయి.

బొమ్మల కొలతలు గమనించారా? మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ బోలెడంత తెల్ల కాగితం. మాక్స్ ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, అంచులు తగ్గుతాయి, అడవి పేజీ నిండుతుంది. భూతాలతో కలిసి వాడు గెంతులేసే చోటికి వచ్చేసరికి రెండేసి పేజీలు బొమ్మే ఆక్రమించేస్తుంది. అలాంటివి వరసగా మూడు, వాటిలో ఒక్క అక్షరం ఉండదు. తర్వాత వాడు వాటన్నిటినీ అన్నం లేకుండా పడుకోమని పంపేస్తాడు, అచ్చం అమ్మ తనని పంపినట్టే. అంత రాజై కూర్చున్నాక వాడికి బెంగ పట్టుకుంటుంది. తనని అందరికన్నా ఎక్కువగా ప్రేమించేవాళ్ల దగ్గర ఉండాలనిపిస్తుంది. దూరం నుంచి వంట వాసన వస్తుంది. రాజ్యం వదిలేసి ఇంటికొస్తే గదిలో భోజనం ఎదురుచూస్తుంటుంది. చివరి పేజీలో బొమ్మ లేదు, ఆ భోజనం ఇంకా వేడిగానే ఉందన్న మాట ఒక్కటే.

ఇప్పుడు మీ పాప వైపు నుంచి చూడండి. అమ్మ మీద కోపం వచ్చిన పిల్లాడు. అమ్మ తన దగ్గర్నుంచి గదిలోకి పంపేసిన పిల్లాడు. వాడి కోపమే కోరలు మొలిచి ఎదురుగా నిలబడితే దాన్ని కంటిచూపుతో ఆపిన పిల్లాడు. అంత రచ్చ చేసినా అమ్మ అన్నం దాచి ఉంచిందని చివర్లో తెలుసుకున్న పిల్లాడు. బాబు పుట్టాక మీ పాపకి మీ మీద కోపం ఉండే ఉంటుంది. ఆ మాట ఆమెకి చెప్పడం రాదు. చెబితే 'తమ్ముడు కదా, తప్పు కదా' అంటారని తెలుసు. ప్రతి రాత్రీ ఆమె ఈ పుస్తకం తెమ్మంటున్నది ఆ చివరి పేజీ కోసమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అమ్మ ఇంకా తనదేనా అని అడగడానికి ఆమెకి దొరికిన దారి అది.

మీ అత్తమ్మగారి అనుమానం మాత్రం కొత్తదేమీ కాదు, తేలిగ్గా తీసెయ్యాల్సిందీ కాదు. ఈ పుస్తకం వచ్చిన కొత్తలో అమెరికాలోనే చాలామంది పెద్దలు పిల్లలు జడుసుకుంటారని అభ్యంతరం చెప్పారు. అప్పట్లో పేరుమోసిన మనస్తత్వ నిపుణుడు బ్రూనో బెటెల్‌హైమ్ 1969లో ఒక మహిళా పత్రికలో దీన్ని తప్పుపట్టాడు. అమ్మ అన్నం పెట్టకుండా ఒంటరిగా వదిలెయ్యడం కంటే పిల్లలకి పెద్ద భయం ఏముంటుందన్నది ఆయన వాదన. భయం సంగతిలో ఆయన మాట నిజమే. కానీ అప్పటికి ఆయన పుస్తకం చదవనేలేదు, ఎవరో చెప్పగా విన్నాడంతే. చదివి ఉంటే చివర్లో వేడి భోజనం కనిపించేది.

ఇంకో ముచ్చట చెప్పాలి, దీన్ని మీ అత్తమ్మగారికి కూడా చెప్పండి, నవ్వుతారు. సెండాక్ ఆ భూతాలకి నమూనాగా తీసుకున్నది తన చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో తమ ఇంటికి వచ్చే మేనత్తలు, మేనమామల్లాంటి చుట్టాల్నే. బుగ్గలు పిండుతూ, పాడైన పళ్లు కనిపించేలా మీది మీదికి వంగి, ఎంత ముద్దొస్తున్నావో తినెయ్యాలనుంది అనేవాళ్లట. మన ఇళ్లల్లో పసిపిల్ల కనిపిస్తే 'కొరుక్కు తినేస్తానే నిన్ను' అనని చుట్టం ఎవరైనా ఉన్నారా? ఆ భూతాల ముఖాలు మళ్లీ చూడండి. కోరలున్నా గుండ్రటి బుగ్గలు, లావు బొజ్జలు, పెళ్లింట్లో భోజనాలయ్యాక అరుగు మీద చేరిన బంధువుల్లాగే ఉంటారు.

మరి ఎలా చదవాలి? మొదట పగలు చదవండి, సాయంత్రం బడి నుంచి వచ్చి ఏదో తిన్నాక. ఇంగ్లిష్ వాక్యాల గురించి పట్టించుకోకండి, మీ మాటల్లో చెప్పండి. పేజీ తిప్పే పని పాపదే. ఆమె వేలు ఎక్కడ ఆగితే అక్కడ మీరూ ఆగండి. ఏదైనా భూతం మీద చెయ్యి పెట్టి మూసేస్తే మూయనివ్వండి, మళ్లీ తనే తీస్తుంది. 'చూశావా, భయపడకూడదు' లాంటి నీతులు వద్దు. 'ఇది నువ్వే, ఇది నేను' అని విప్పి చెప్పడం కూడా వద్దు. రాత్రి అడిగితే రాత్రి కూడా చదవండి, కానీ ఒక్క జాగ్రత్త తీసుకోండి. నిద్రలోకి జారుతోంది కదా అని భూతాల దగ్గర ఆపెయ్యకండి. మాక్స్‌ని ఇంటికి తెచ్చి, అన్నం ముందు కూర్చోబెట్టాకే పుస్తకం ముయ్యండి.

తక్కిన రెండు పుస్తకాల పేర్లు మీరు రాయలేదు. నా దగ్గరికొచ్చే తల్లులకి నేను చెప్పే రెండింటి గురించి రాస్తాను, మీ దగ్గరున్నవి అవే అయితే మరీ మంచిది. ఎడ్ ఎంబర్లీ చేసిన 'గో అవే, బిగ్ గ్రీన్ మాన్‌స్టర్' మీ పాప వయసుకి సరిగ్గా సరిపోతుంది. పేజీలకి కన్నాలు కత్తిరించి ఉంటాయి. నల్ల పేజీలో మొదట రెండు పసుపు కళ్లు, పేజీ తిప్పితే ముక్కు, తర్వాత పళ్లతో ఎర్ర నోరు, చెవులు, జుట్టు, అలా ఒక్కొక్కటీ చేరి పచ్చటి భూతం ముఖం పూర్తవుతుంది. అక్కణ్నుంచి పిల్లలే దాన్ని పొమ్మంటారు. జుట్టు పో, చెవులు పో అంటూ ఒక్కో పేజీకి ఒక్కోటి మాయమై, ఆఖరికి నల్ల పేజీ మిగులుతుంది. నేను పిలిస్తేనే రావాలన్న షరతు కూడా పెడతారు. పిల్లలు ఆ కన్నాల్లోకి వేలు పెట్టి చూస్తారు, వెనక్కి తిప్పి కళ్లు మళ్లీ రప్పిస్తారు, మళ్లీ పంపిస్తారు. భూతం రావడం పోవడం తన చేతి కదలికలో ఉందని వేలికి తెలియడం వెయ్యి మాటల ధైర్యం పెట్టు.

మెర్సర్ మేయర్ 1968లో వేసిన 'దేర్స్ ఎ నైట్‌మేర్ ఇన్ మై క్లోజెట్' విషయంలో మాత్రం కాస్త ఆగమంటాను. బీరువాలో ఉండే పీడకలని పట్టుకోవాలని ఒక పిల్లాడు బొమ్మ తుపాకీతో కాచుకుని కూర్చుంటాడు. అది బయటికొస్తే కాలుస్తాడు, అది ఏడుపు లంకించుకుంటుంది. వాడికే జాలేసి తన మంచం మీద పడుకోబెట్టుకుంటాడు. ఏడ్చే భూతాన్ని చూసి పిల్లలు పగలబడి నవ్వుతారు, గొప్ప కథ. అయితే ఆఖర్న బీరువాలో ఇంకొకటి ఉండి ఉంటుందంటాడు. బీరువా తలుపు మీదే అసలు గొడవ నడుస్తున్న ఇంట్లో ఈ ముగింపు ఇప్పుడే వద్దు. ఒకట్రెండు నెలలాగి, తలుపు గొడవ తగ్గాక ఇవ్వండి. ఏ పుస్తకమైనా కొనేముందు నేను చివరి నాలుగు పేజీలు చూస్తాను. భూతం సంగతి తేల్చింది పిల్లలా, పెద్దలా? నాన్న వచ్చి లైటు వేసి 'ఏమీ లేదు, పడుకో' అనే పుస్తకాలు బోలెడున్నాయి. అవి నాన్నల్ని ఊరడిస్తాయి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కటువుగా ఉంటుంది. అన్నం తినకపోతే బూచోడు ఎత్తుకుపోతాడని మీ ఇంట్లో ఎవరైనా అంటారా? పడుకోకపోతే కిటికీలోంచి చూస్తున్నాడనీ, అల్లరి చేస్తే పోలీసు వస్తాడనీ? మీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ మన ఇళ్లల్లో ముద్ద దిగడానికి ఈ మాట వాడని వాళ్లు అరుదు. ఎనిమిదింటికి అన్నం గిన్నె పట్టుకుని 'అడుగో వచ్చాడు' అన్న నోరే పదింటికి 'ఎవరూ లేరు, కళ్లు మూసుకో' అంటే ఏ మాట నమ్మాలి పిల్ల? పుస్తకంలోని భూతానికి అట్టలున్నాయి, మూసేస్తే లోపలే ఉంటుంది. మనం నోటితో పిలిచిన బూచోడికి రూపం లేదు, ముగింపూ లేదు. ఇంట్లో ఏదైనా ఆపాలంటే ముందు ఆపాల్సింది అది. మీరు, మీ వారు, అత్తమ్మగారు, పనికి వచ్చే అమ్మాయి, అందరూ. బడి ఆటోలో వింటుందేమో కూడా కనుక్కోండి. తినేటప్పుడు ఫోన్లో ఏం చూపిస్తున్నారో కూడా ఓ కన్నేసి ఉంచండి, పడుకునే ముందు గంటసేపు ఫోను అసలు వద్దు.

రాత్రిళ్ల సంగతికొస్తే, 'ఏమీ లేదు' అని కొట్టిపారెయ్యకండి, 'ఉంది, నేను తరిమేస్తాను' అని చీపురు తియ్యకండి. సీసాలో నీళ్లు పోసి భూతాల మందంటూ చిలకరించే ఇళ్లున్నాయి. అది నాలుగు రోజులు పనిచేస్తుంది, ఐదో రోజు చిలకరించడం మరిచిపోతే భూతం వచ్చేసినట్టే. 'భయంగా ఉందా, నేనున్నాను' అంటే సరిపోతుంది. తర్వాత ఒక టార్చిలైటు పాప చేతికే ఇచ్చి, పడుకునే ముందు ఒక్కసారి, ఒక్కసారే, మంచం కింద తననే చూడనివ్వండి. చెప్పులు, పాత సూట్‌కేసు, దొర్లిపోయిన బంతి కనిపిస్తాయి. బీరువా తలుపు తన చేత్తోనే మూయించండి. బెడ్‌లైటు ఉంచడంలో తప్పేమీ లేదు.

ఇంకొకటి. ఇజ్రాయెల్‌లో రాత్రి భయాలున్న 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 104 మందితో చేసి, 2012లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది. వాళ్లకి ఒక బొమ్మ కుక్కపిల్లనిచ్చారు. కొందరికి ఇది నిన్ను కాపాడుతుందని చెప్పారు. ఇంకొందరికి ఇది దిగులుగా ఉంది, నువ్వే చూసుకోవాలని చెప్పారు. రెండు రకాల పిల్లల్లోనూ భయం తగ్గింది. మీ పాపకి రెండోది చెప్పి చూడమంటాను. ఇంట్లో అందరూ బాబుని చూసుకుంటున్నారు, తనకీ చూసుకోవడానికి ఒకరుంటే బాగుంటుంది. ఉన్న బొమ్మల్లోంచే ఒకదాన్ని తననే ఎంచుకోనివ్వండి. అది ఎందుకు భయపడుతోందో, ఏం చెబితే పడుకుంటుందో మీరు చెప్పకండి, పాపనే అడగండి.

వీటన్నిటికన్నా ముందు, రోజూ రాత్రి ఓ పావుగంట మీరు పాపకే ఇవ్వండి. బాబుని అత్తమ్మగారి చేతిలో పెట్టి, తలుపు దగ్గరకేసి, మీరిద్దరే. బాబు ఏడ్చినా ఆ పావుగంట లేవకండి, నానమ్మ చూసుకుంటారు. అర్ధరాత్రి వచ్చినప్పుడు తిట్టొద్దు, 'పెద్దదానివయ్యావు' అని సిగ్గుపడేలా చెయ్యొద్దు. మీ మంచం పక్కన కింద చిన్న పరుపు వేసి ఉంచితే వచ్చి పడుకుంటుంది. నాలుగున్నరేళ్ల పిల్ల ఒంటరిగా తన గదిలో నిద్రపోవడమన్నది ఆ పుస్తకాలు పుట్టిన దేశపు పద్ధతి. మన ఇళ్లల్లో పిల్లలు పెద్దవాళ్ల పక్కనే పెరుగుతారు, దాన్ని తొందరపడి మార్చాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

అత్తమ్మగారు పడుకునే ముందు విబూది పెట్టి ఆంజనేయుణ్ణి తలుచుకోమంటే హాయిగా తలుచుకోనివ్వండి. చీకట్లో పిల్ల తనంతట తాను చెప్పుకోగలిగిన మాట అది, ధైర్యమిస్తుంది. కానీ పాప వినేలా 'గాలి సోకింది, ఏదో చూసి జడుసుకుంది' అనడం, ఎవరి దగ్గరికో తీసుకెళ్లి మంత్రం వేయించడం మాత్రం వద్దు. భూతం ఉందని పెద్దలంతా కలిసి సంతకం పెట్టినట్టవుతుంది.

పిల్లల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? నెలలు గడిచినా భయం తగ్గకుండా పెరుగుతూ, పగలు కూడా ఒంటరిగా బాత్రూముకి వెళ్లనంటుంటే, బడిలో కూడా దిగులుగా ఉంటుంటే, నిద్ర చాలక నీరసపడుతుంటే చూపించండి. ఇంకో రకం కూడా ఉంది. నిద్రపోయిన గంట నుంచి మూడు గంటల లోపు ఒక్కసారిగా కేకలు పెట్టి లేచి, కళ్లు తెరిచే ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టకుండా, తెల్లారాక ఏమీ గుర్తులేదంటే అది పీడకల కాదు. పీడకలైతే తెల్లవారుజాము వైపు వస్తుంది, పాప లేచి మిమ్మల్ని పట్టుకుంటుంది, కల చెబుతుంది. కేకలు పెట్టి లేచే రకంలో గట్టిగా కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా పక్కన ఉంటే కొద్దిసేపట్లో దానంతటదే సద్దుమణుగుతుంది. తరచుగా వస్తుంటే డాక్టరుకి చెప్పండి.

తెలుగులో కావాలంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బొమ్మల కథలు తెలుగులో ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం', చెన్నైలోని 'తూలిక' అనే ప్రచురణ సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరలోనే దొరుకుతాయి. భూతాల కథ అని ప్రత్యేకంగా వెతక్కండి. చిన్నవాళ్లు తెలివితో పెద్దవాళ్లని ఓడించే కథ ఏదైనా ఈ పనే చేస్తుంది. అవి మీ అత్తమ్మగారికి నోటికే వచ్చి ఉంటాయి కూడా.

ఆవిడని పుస్తకాలకి దూరంగా ఉంచకండి. మాక్స్ కథలో భూతాలు గెంతులేసే ఆ మూడు చోట్ల అక్షరాలు లేవని చెప్పాను కదా, అక్కడ ఇంగ్లిష్ రానక్కర్లేదు. మీరు అక్కడిదాకా చదివి పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టండి. ఎవరు ఎవరి మీదెక్కారో, ఎవరి గోళ్లు ఎవరికి గుచ్చుకున్నాయో, ఆ లావుపాటి భూతం ఏం పాట పాడుతోందో ఆవిడ చెబుతారు, పాప సరిదిద్దుతుంది. ఆ తర్వాత మళ్లీ మీరు అందుకోండి.